యలహంకలో వీకెండ్ ఆర్టీ క్లాసు: ఫీజుకు తగ్గ సరుకు ఉందా?

ఆర్టీఆర్ పరీక్షకి, అంటే విమానంలో రేడియో మీద మాట్లాడటానికి (ఆర్టీ) కావాల్సిన లైసెన్సు పరీక్షకి, బెంగళూరులో కోచింగ్ ఎక్కడ బాగుంటుందని మన తెలుగు కుర్రాళ్లు తెగ అడుగుతుంటారు. యలహంక న్యూటౌన్‌లో ఒక మేడ మీద శని, ఆదివారాలు నడిచే చిన్న సెంటర్ గురించి రాస్తున్నా. కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు మాత్రం రాయను, జక్కూరు ఏరోడ్రోమ్‌లో ఎగిరే వాళ్లని అడిగితే చెప్తారు.

ముందే చెప్పేస్తా. పరీక్ష పాసవడానికే అయితే ఇంతకంటే చవకైన చోట్లు ఉన్నాయి. రేడియోలో అక్షరాలు పలికే ఆల్ఫా, బ్రావో, చార్లీ బట్టీ పట్టించి, పాత ప్రశ్నలు ఒక నలభై చేతిలో పెట్టి పంపించేస్తారు. ఈ సెంటర్‌లో డబ్బులు పెట్టదగ్గది ఒక్కటే, గాల్లో ఉండగా మనం ఎక్కడున్నామో తెలియకపోతే రేడియోలో ఎవర్ని, ఎప్పుడు, ఏ మాటల్లో అడగాలి అనే ఆదివారం క్లాసు. పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్సు) వచ్చాక సొంతంగా ఎగిరేవాళ్లకి ఇదే అసలు పనికొచ్చేది, కానీ సిలబస్‌లో ఓ పేజీ కింద తేల్చేస్తారు.

చెప్పే సార్ రిటైరైన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్, ఒంగోలు వైపు మనిషి. క్లాసు ఇంగ్లీషులోనే, మనవాళ్లు తడబడితే తెలుగులోకి వచ్చేస్తారు. హెడ్‌సెట్ తగిలించి, స్పీకర్‌లో ఇంజిన్ రొద పెట్టి, మధ్యలో వేరే విమానాల మాటలు కూడా కలిపి, ఒక్కొక్కర్నీ కూర్చోబెడతారు. నేను వెళ్లిన రోజు అనంతపురం కుర్రాడొకడు "సార్, ఒక పెద్ద చెరువు దగ్గరున్నా" అన్నాడు. "ఏ చెరువు నాయనా, హెసరఘట్టా, హోసకోటా? బెంగళూరు చుట్టూ చెరువులకేం తక్కువ? చివరిసారి ఖాయంగా ఎక్కడున్నావో, అక్కణ్ణుంచి ఏ హెడింగ్ (విమానం ముక్కు చూసే దిశ) మీద ఎన్ని నిమిషాలు వచ్చావో అది చెప్పు" అన్నారు సార్. వాడు మళ్లీ మొదలుపెట్టాడు: పాన్ పాన్ (సాయం కావాలి, కానీ ప్రాణాల మీదికి ఇంకా రాలేదు అనే పిలుపు) అని మూడుసార్లు, పిలుస్తున్న స్టేషన్ పేరు, తన కాల్ సైన్ (రేడియోలో విమానం పేరు), విమానం రకం, పొజిషన్ తెలియట్లేదు, జక్కూరు వెళ్లాలి, చివరి ఖాయమైన చోటు చిక్కబళ్లాపుర, తర్వాత ఎత్తు, హెడింగ్, లోపల ఎంతమంది, ఇంధనం ఎంతసేపటికి వస్తుంది. ఇంధనం దగ్గర మళ్లీ ఆపారు. వాడు లీటర్లలో చెప్పాడు. కంట్రోలర్‌కి నీ విమానం గంటకి ఎంత తాగుతుందో ఏం తెలుసు, గంటా పది నిమిషాలు అని టైములో చెప్పు అన్నారు.

ఆయన పదేపదే మీద పడేది మన నామోషీ మీద. దారి తప్పానని ఫ్రీక్వెన్సీలో నలుగురూ వింటుండగా చెప్పడమంటే మనకి తల తీసేసినట్టు ఉంటుంది, అందుకని ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం, ఆ రోడ్డు హైవే 44 అయ్యుంటుంది అని మ్యాపుని మన అనుమానానికి తగ్గట్టు చదువుకుంటూ పోతాం. ఆ ఐదు నిమిషాల్లో మామూలు ట్రైనర్ విమానం ఎనిమిది నాటికల్ మైళ్లు తప్పు దిక్కుకి పోతుంది, బెంగళూరు ఆకాశంలో అంటే అటు దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ ట్రాఫిక్, ఇటు యలహంక ఎయిర్‌ఫోర్స్, దక్షిణాన హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్. అనుమానం వచ్చిన నిమిషంలోనే అడిగితే అది పాన్ కాల్, ఇంధనం అడుగంటాక అడిగితే అది మేడే, అంటే ప్రాణాపాయం పిలుపు.

ఎవర్ని పిలవాలి అన్నదానికి సార్ జవాబు సూటిగా ఉంది. ఇప్పటికే ఎవరితో మాట్లాడుతున్నావో వాళ్లనే అడుగు, టెన్షన్‌లో ఫ్రీక్వెన్సీ మార్చబోయి ఉన్న కనెక్షన్ పోగొట్టుకోకు. అక్కడ పలకకపోతే, లేదా అసలు ఎవరితోనూ మాట్లాడకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి మన విమానం కోడ్ పంపే పరికరంలో) 7700 అనే అత్యవసర కోడ్ పెట్టడం కూడా అంతే, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ముందే వేరే కోడ్ ఇచ్చి ఉంటే వాళ్లు చెప్పేదాకా దాన్ని కదపొద్దు.

నాకు బాగా నచ్చింది ఎత్తు గురించిన భాగం. విమానాల్లో వాడే వీహెచ్ఎఫ్ రేడియో చూపు మేరకే పనిచేస్తుంది, నేల మీంచి వెయ్యి అడుగుల్లో సుమారు 40 నాటికల్ మైళ్లు, నాలుగు వేలకి ఎక్కితే దానికి దాదాపు రెట్టింపు. పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. బెంగళూరే సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంది కాబట్టి క్యూఎన్‌హెచ్ పెట్టిన (అంటే సముద్రమట్టం నుంచి ఎత్తు చూపించే) ఆల్టీమీటర్ నాలుగు వేలు చూపిస్తుంటే మనం నేలకి వెయ్యి అడుగుల మీదే ఉన్నామని, పైగా ఉత్తరాన నంది కొండ శిఖరం 4,800 అడుగులు దాటుతుందని ఇక్కడి మ్యాపు మీద చూపించి చెప్పారు. మబ్బులోకి దూరకుండా, కంట్రోల్ ఏరియాలోకి అడగకుండా జొరబడకుండా ఎక్కాలి, అది వేరే సంగతి.

అవతలి వాళ్లు ఏం చేస్తారో కూడా చూపించారు. ట్రాన్స్‌పాండర్ ఉంటే దాని మీద ఐడెంట్ బటన్ నొక్కమంటారు, రాడార్‌లో మన చుక్క విడిగా కనిపిస్తుంది. లేకపోతే ఎడమకి ముప్పై డిగ్రీలు తిరగమని, రాడార్‌లో ఏ చుక్క తిరిగిందో చూసి పట్టుకుంటారు. అప్పుడు మన డైరెక్షనల్ జైరో (హెడింగ్ చూపే మీటర్) కాంపస్‌తో కలవకపోతే వాళ్లిచ్చిన హెడింగ్ దండగ, కాబట్టి కాల్ చేసేముందే సరిచూసుకోవాలి. ఇంగ్లండ్‌లో అయితే 121.5 లోనే ట్రైనింగ్ ఫిక్స్ అని అడిగి పైలట్లు సరదాగా ప్రాక్టీసు చేసుకోవచ్చు, అక్కడి డిస్ట్రెస్ అండ్ డైవర్షన్ సెల్ వాళ్లు పొజిషన్ చెప్తారు. ఇక్కడి గదిలో దొరికేది దానికి దగ్గరగా ఉంది, అంతే.

ఇక తిట్లు. నోట్సు పాతది. 2024 చట్టంతో ఆర్టీఆర్ వ్యవహారం టెలికాం శాఖ నుంచి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి మారినా, ఇంకా టెలికాం శాఖ విభాగమైన డబ్ల్యూపీసీ దరఖాస్తు కాగితాలే జిరాక్స్ తీసి ఇస్తున్నారు, అడిగితే "అవునవును, మార్చాలి" అంటారు. రెండు హెడ్‌సెట్లలో ఒకదాని మైక్ గరగరలాడుతుంది, అది తగిలిన వాడికి క్లాసు సగం వృథా. బ్యాచ్‌లో పదిమంది దాటితే మైక్ ముందు మన వంతు వచ్చేది ఒకసారే, చేరేముందే ఎంతమందో అడగండి. ఫీజు వెనక్కివ్వరు, రసీదు మాత్రం అడిగితే ఇస్తారు.

పరీక్ష వచ్చే వారమే ఉందంటే ఇక్కడికి రావద్దు. సోలో క్రాస్‌కంట్రీకి (ఒక్కరే వేరే ఊరిదాకా ఎగిరే ప్రయాణానికి) ముందున్న వాళ్లు, లైసెన్సు వచ్చి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఎగరబోయే వాళ్లు ఆదివారం క్లాసు ఒక్కటే తీసుకున్నా చాలు, విడిగా ఇస్తారు. బండి కింద పెట్టకండి, పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు గాలి తీసేస్తున్నారు.