వెనుక బల్ల మీది పిచ్చర్ మొక్కలు: విజయవాడ నర్సరీ ఒకదానిపై సమీక్ష

విజయవాడ శివార్లలో కీటకాహార మొక్కలను ప్రత్యేకంగా అమ్మే నర్సరీ ఒకటి ఉన్నది. కడియం నుంచి వచ్చే మందారాలు, క్రోటన్ల మధ్య ఇలాంటి మొక్క ఒకటీ అరా కనిపించడం కొత్త కాదు గానీ, వీటికోసమే షేడ్‌నెట్ కింద వేరుగా ఒక విభాగం నడపడం ఈ చుట్టుపక్కల నేను చూసినంతలో ఇక్కడే. ముందు వరుసలో అమ్ముతున్న మొక్కల గురించి ఎంత మంచి చెప్పినా తక్కువే. వెనుక బల్ల మీద ఉన్న, అడవి నుంచి పెళ్లగించి తెచ్చినట్టు కనిపించే మొక్కలను మాత్రం ఎవరూ కొనకూడదని నా అభిప్రాయం. దుకాణం పేరు రాయడం లేదు, ఎందుకంటే అలాంటి సరుకు ఫోన్‌లోనే బేరం కుదుర్చుకుని కొరియర్‌లో పంపేవారి దగ్గర కూడా దొరుకుతుంది. ఎవరి దగ్గర కొన్నా, పెంచిన మొక్కకూ అడవి నుంచి తెచ్చినదానికీ ఉన్న తేడాను గుర్తుపట్టగలగడమే కొనేవారికి కావలసినది.

ముందు వరుసలో వీనస్ ఫ్లైట్రాప్, అంటే బైపీసీ పుస్తకాల్లో మనం చదువుకున్న డయోనియా, చిన్న కుండీల్లో ఒకే ఈడు మొక్కలుగా బారులు తీరి ఉంటుంది. ఈ మొక్క సహజంగా పెరిగేది అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల్లో, విల్మింగ్టన్ నగరం చుట్టూ ఉన్న తీరప్రాంతపు చిత్తడి నేలల్లో మాత్రమే. అక్కడ దొంగతనంగా పెళ్లగించి అమ్ముకునేవారి బెడద ఎంతగా పెరిగిందంటే, 2014 డిసెంబరు నుంచి ఉత్తర కరోలినాలో దాన్ని తీవ్రమైన నేరంగానే పరిగణిస్తున్నారు. ఈ నర్సరీలో ఉన్నవి అలా వచ్చినవి కావని నమ్మడానికి యజమాని మాట ఒక్కటే ఆధారం కాదు: టిష్యూ కల్చర్ ప్రయోగశాల పేరూ బ్యాచ్ సంఖ్యా ఉన్న ట్రేలు అక్కడే ఉన్నాయి, కొనుగోలు బిల్లు అడిగితే విసుక్కోకుండా తీసి చూపించారు. చిన్న కణజాలపు ముక్క నుంచి గాజు సీసాల్లో వేల పిలకలు తీయగలిగే ఈ పద్ధతి వచ్చాక, ఈ మొక్క విషయంలో అడవి మీద పడవలసిన అవసరం వ్యాపారానికి లేదు. కుండీ 450 రూపాయలంటే మొదట ఎక్కువ అనిపించినా, ఆరోగ్యంగా వేళ్లూనిన మొక్కకు అది న్యాయమైన ధరే.

సిబ్బంది సలహా కూడా మెచ్చుకోదగినది. బోరు నీళ్లు పోయవద్దని, వాన నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ వాడమని అడగకుండానే చెబుతారు. ఈ మొక్కలు పోషకాలు లేని నేలల్లో బతకడం కోసమే పురుగులను పట్టుకునే విద్య నేర్చాయి కనుక, లవణాలు నిండిన మన భూగర్భజలాన్నీ, ఎరువు కలిపిన మట్టినీ వాటి వేళ్లు తట్టుకోలేవు. అయితే ఒక మాట వీరు చెప్పడం లేదు. డయోనియాకు ఏటా కొన్ని నెలల చలినిద్ర అవసరం; మన సంక్రాంతి చలి దానికి చలి కిందే లెక్క కాదు. ఏటేటా ఆ విశ్రాంతి లేకపోతే మొక్క క్రమంగా నీరసించిపోతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే చాలామంది దాని బదులు నెపెంథిస్ వెంట్రాటా అనే పిచ్చర్ మొక్కను, అంటే ఆకు కొసన వేలాడే కూజాలాంటి తిత్తిలో పురుగులను పట్టే రకాన్ని, తీసుకుంటారు. అది రెండు నెపెంథిస్ జాతులు కలిసిన సంకరం, నర్సరీల్లోనే పెరిగినది, మన ఉక్కపోతను చాలావరకు ఓర్చుకుంటుంది.

ఇక వెనుక బల్ల. దాని మీద ఉన్నది నెపెంథిస్ ఖాసియానా. మన దేశంలో సహజంగా పెరిగే పిచ్చర్ మొక్క ఇదొక్కటే, అదీ మేఘాలయలోని గారో, ఖాసీ, జయంతియా కొండల్లోనే. దానికోసం అక్కడ బాఘ్‌మారాలో ప్రత్యేకంగా ఒక అభయారణ్యమే ఉన్నది. ఈ మొక్కల మీద ‘ఒరిజినల్, అడవి మొక్క’ అని చేత్తో రాసిన చీటీ ఉంది. ముందు వరుసలో ప్రయోగశాల పేరు చూపి నమ్మకం కలిగించిన దుకాణమే, ఇక్కడ అడవి నుంచి వచ్చిందన్న మాటను గొప్పగా చెప్పుకుంటున్నది. ఆ చీటీ లేకపోయినా అనుమానించడానికి కారణాలు చాలానే ఉన్నాయి. కాండాలు కొయ్యబారి ఉన్నాయి, కొన్నిటి మొదళ్లలో కత్తి గాట్లు కనిపిస్తున్నాయి. ముదురు ఆకుల మీద నాచు, పురుగు కొరికిన చిల్లులు ఉన్నాయి. ఒక్కటీ మరొకదాని ఈడుది కాదు. వేళ్లను పట్టుకుని ఉన్న మట్టి కుండీలో నింపిన పీట్‌తో, అంటే చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు పొడితో, కలవడం లేదు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. పెరట్లో ఏళ్ల తరబడి పెరిగిన మొక్కకు కూడా నాచు పట్టవచ్చు. అన్నీ ఒకే బల్ల మీద కలిసి కనిపించి, కాగితం మాత్రం కనిపించనప్పుడు ఇక సందేహించక తప్పదు.

చట్టం విషయంలో ఇక్కడ అస్పష్టత లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రత్యేకంగా పేర్కొన్న కొద్దిపాటి మొక్కల్లో ఈ పిచ్చర్ మొక్క ఒకటి. మన శేషాచలం కొండల్లోని సైకాస్ బెడ్డోమీ కూడా అదే జాబితాలో ఉన్నది. అడవి నుంచి వాటిని పీకడం, అమ్మడం నేరం. పెంచి అమ్మాలన్నా లైసెన్సు ఉండాలి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఇది అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్నది. లైసెన్సు గురించి అడిగితే యజమాని నవ్వి, “మొక్కలకు కూడా ఎవరడుగుతారండీ” అన్నారు. ఎర్రచందనం దుంగ పట్టుబడితే పత్రికల్లో మొదటి పేజీ వార్త అయ్యే రాష్ట్రంలో ఆ మాట వినడం వింతగానే ఉంది.

ఆయన చెప్పిన మరో మాటను మాత్రం నవ్వి వదిలేయడం కుదరదు. ఆ కొండల్లో బొగ్గు తవ్వకాలు, పోడు వ్యవసాయం వల్ల ఎలాగూ పోయే మొక్కలనే తాము తెచ్చి కాపాడుతున్నామని ఆయన వాదన. తవ్వకాలు, పోడు ఆ మొక్కకు ముప్పు అన్నది నిజమే. కానీ కాపాడడం అంటే ఏమిటో ఆ మొక్క తీరే చెబుతుంది. నెపెంథిస్‌లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. విత్తనం కట్టాలంటే రెండూ దగ్గరలో, ఒకే కాలంలో పూయాలి. పెద్దవీ అందమైనవీ ఏరి తెచ్చేవాడు కొండ మీద మిగిల్చేది పూతకు రాని చిన్న మొక్కలను. అలా తెచ్చిన మొక్క మొగల్రాజపురంలోని ఒక బాల్కనీలో వేసవిని దాటి బతికినా, జత లేకుండా ఒక్క గింజ కూడా ఇవ్వలేదు; తన జాతి దృష్టిలో అది చనిపోయిన మొక్కతో సమానమే. ముప్పులో ఉన్న చోటి నుంచి అనుమతితో గింజలు సేకరించి, ఏ చోటివో రాసి పెట్టుకుని, ఆడ మగ మొక్కలను కలిపి పెంచే వృక్షశాస్త్ర తోటల పని వేరు. ఇక్కడ ఏ మొక్క ఏ కొండదో రాసిన చీటీ ఒక్కటీ లేదు.

సేకరణ ఎంత దూరం పోగలదో తెలియాలంటే బోర్నియోలోని కెలాం కొండను చూడవచ్చు. నెపెంథిస్ క్లిపియాటా అనే జాతి పశ్చిమ కలిమంతాన్‌లోని ఆ ఒక్క రాతికొండ చరియల మీదే పెరుగుతుంది. కార్చిచ్చులకు తోడు మొక్కల ప్రియులే దాన్ని అంతరించే అంచుకు తెచ్చారు. అరుదైనదని తెలిసిన కొద్దీ ధర పెరగడం, ధర పెరిగిన కొద్దీ మరింత అరుదు కావడం అక్కడ జరిగింది. ఆ మొక్కను ద్వేషించినవారు ఎవరూ లేరు, అందరూ ఇష్టపడినవారే.

అదే బల్ల చివర, మన్యం నుంచి తెచ్చామంటూ చిన్న డ్రాసిరా (ఆకుల మీది జిగురు బిందువులతో పురుగులను పట్టే మొక్క) కుండీలు కూడా కొన్ని పెట్టారు. వీటిని ఖాసియానాతో సమానంగా చూడడం న్యాయం కాదు. డ్రాసిరా బర్మాని విస్తారమైన ప్రాంతంలో పెరిగే మొక్క, ఆయుష్షు తక్కువ, గింజలు లెక్కలేనన్ని రాలుస్తుంది. నా అభ్యంతరం వేరు: కొన్ని నెలల్లో ఎలాగూ పోయే మొక్కను వేళ్లతో సహా పెకలించి అమ్మడం కంటే, చిటికెడు గింజలు చల్లి పెంచి అమ్మడం సులభం, చవక. ఆ మాత్రం ఓపిక లేకపోవడం బద్ధకమే తప్ప వ్యాపారం కాదు.

మొక్కల నాణ్యతకూ సలహాకూ ఐదుకు నాలుగున్నర ఇవ్వవచ్చు. ఆ బల్ల అక్కడ ఉన్నంతకాలం దుకాణానికి మొత్తం మీద రెండుకు మించి ఇవ్వలేను. వెళ్లేవారు వెంట్రాటాను తీసుకుని, బిల్లు మీద రకం పేరూ అది పెరిగిన చోటూ రాయించుకోవాలి. ముందు వరుస మొక్కలకైతే అభ్యంతరం లేకుండా రాసిస్తున్నారు. ఏప్రిల్, మే నెలల్లో కొనకపోవడం మేలు. వానలు పడి గాలిలో తేమ చేరాక తెచ్చుకున్న మొక్కలే కుదురుకుంటాయి, పైగా పాత లాట్లు అమ్ముడై ప్రయోగశాల నుంచి కొత్త ట్రేలు వచ్చేది కూడా అప్పుడేనని సిబ్బంది చెప్పారు.