యాభై లెన్సా, ఫ్లాషా: తక్కువ ఖర్చులో పెళ్లి ఫొటోలకు ఏది మేలు?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు కొత్తగా పెళ్లి ఫొటోలు మొదలుపెట్టిన యువకులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటే. క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) కెమెరా, దానితో వచ్చిన 18–55 ఎం.ఎం. జూమ్ లెన్సు, అంటే కిట్ లెన్సు, ఉన్నాయి. ఇంకో పదివేలకు మించి పెట్టలేనప్పుడు 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు కొనాలా, ఫ్లాష్ కొనాలా?

యాభై లెన్సును తక్కువ చేయలేము. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువగా తెరుచుకుంటుంది. కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. దానితో పోలిస్తే ఎఫ్/1.8 దాదాపు పది రెట్ల వెలుతురును తీసుకుంటుంది. పెళ్లికూతురిని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసే ఫొటోకు, పారాణి పాదాలకు దానికి సాటి లేదు. అయితే క్రాప్ సెన్సార్ మీద అది 75–80 ఎం.ఎం. లెన్సులా చూస్తుంది, అంటే దృశ్యం ఇరుకవుతుంది. మండపంలో పంతులుగారు, ఇరువైపుల బంధువులు, వీడియో తీసేవారు నిలబడ్డాక వెనక్కి జరగడానికి రెండడుగుల చోటైనా మిగలదు.

నా దృష్టిలో తేల్చేది జీలకర్ర బెల్లం ఘట్టమే. సుముహూర్తానికి అడ్డుతెర నడుమ ఇద్దరూ ఒకరి తలపై ఒకరు చేయి పెట్టే ఆ కొద్ది క్షణాలను మరోసారి చేయించమని పంతులుగారిని అడగలేము. రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్/1.8తో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు పది, పదకొండు సెంటీమీటర్లే గనుక, కాస్త ఏటవాలుగా నిలబడినా వధువు ముఖం పదునుగా వచ్చి వరుడి ముఖం మసకబారుతుంది. ఎఫ్/5.6కు తగ్గిస్తే ఆ లెన్సు కొన్న ప్రయోజనమే పోతుంది. ఫ్లాష్ ఉంటే కిట్ లెన్సుతోనే ఎఫ్/5.6, ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 800 పెట్టి ఇద్దరినీ, తెర పట్టుకున్నవారినీ కలిపి తీయవచ్చు. తలంబ్రాల దగ్గర తేడా మరింత తెలుస్తుంది. తక్కువ పవర్‌లో మెరుపు సెకనులో కొన్ని వేలవ వంతే ఉంటుంది కాబట్టి, గాలిలోని పసుపు బియ్యం గీతలుగా సాగకుండా గింజ గింజా విడివిడిగా పడుతుంది. రాత్రి బరాత్ సంగతి చెప్పనక్కరలేదు.

ఫ్లాష్‌కూ చిక్కులున్నాయి. ఊళ్లో ఇంటి ముందు వేసిన పసుపుపచ్చ షామియానా కింద వెలుతురు మెత్తగా పడాలని దాన్ని పైకి తిప్పితే గుడ్డ రంగంతా ముఖాలపై పడి, పెళ్లికూతురు కామెర్లు వచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ సున్నం వేసిన గోడ వైపో, ఎవరైనా పట్టుకున్న థర్మోకోల్ షీటు వైపో తిప్పాలి. ఫంక్షన్ హాళ్ల కప్పు మరీ ఎత్తు కనుక ఐఎస్ఓ 1600 దాకా పెంచక తప్పదు. అక్కడి ఎల్ఈడీ దీపాలు కొన్ని సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. ఫొటోలో చారలు పడుతుంటే షట్టర్ 1/100 సెకనుకు తేవాలి. బలం మనమే పెట్టుకునే మాన్యువల్ ఫ్లాష్ అయినా చాలు, దాన్ని కెమెరాయే సరిచేసే టీటీఎల్ కోసం అప్పు చేయవద్దు.

ఈ రెండూ కాక, హైదరాబాద్ నుంచి పెద్ద సెన్సార్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా అద్దెకు తేవచ్చు గాని, దాని బటన్లు ముహూర్తం వేళ నేర్చుకోవలసి వస్తుంది. ఫ్లాష్‌కు బదులు ఆగకుండా వెలిగే ఎల్ఈడీ ప్యానెల్ పెడితే కళ్లలో గుచ్చుకుంటుంది.

పోర్ట్రెయిట్లు మాత్రమే తీసే రెండో ఫొటోగ్రాఫరుగా వెళ్లేవారు మాత్రం నిశ్చింతగా యాభై లెన్సే కొనుక్కోవచ్చు. పెళ్లి మొత్తం ఒంటరిగా తీసేవారు ఫ్లాష్ కొనగా మిగిలిన డబ్బును నాలుగేసి రీచార్జబుల్ సెల్లుల రెండు సెట్లకు, ఇంకో మెమరీ కార్డుకు పెట్టాలి. మొదటి సెట్టు నీరసించి ఫ్లాష్ ఆలస్యంగా వెలిగేది సాధారణంగా అప్పగింతల సమయానికే.