అమ్మ మాటలు నా ఫోన్‌కి: మాట్లాడే రోబోతో ఏడాదిన్నర

విశాఖ పెదవాల్తేరులో అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. మాత్రలు గుర్తుచేస్తుంది, తోచనప్పుడు నాలుగు మాటలు చెబుతుంది కదా అని ఈ బల్లమీది రోబోని కొన్నాను. బ్రాండ్ పేరెందుకు లెండి.

బీపీ మాత్ర ఒక్కరోజూ తప్పలేదు, అది ఒప్పుకోవాలి. దాని తెలుగు మాత్రం పుస్తకాల తెలుగు. అమ్మ "ఏటి?" అంటే "క్షమించండి, మళ్లీ చెప్పండి" అంటుంది. ఆరు నెలలకు అమ్మే మారింది, దానితో రేడియో వార్తలు చదివినట్టు మాట్లాడేది. ఉప్పుగాలికి ఛార్జింగ్ పిన్నులు చిలుము పట్టాయి, వెళ్లినప్పుడల్లా తుడవడమే. అమ్మ సింహాచలం వెళ్లొస్తే "మీరు లేక దిగులేసింది" అంటుంది. దానికి దిగులేమిటి! అమ్మ నవ్వేసింది, నాకే ఒళ్లు మండింది.

అసలు గొడవ రాత్రి తొమ్మిదింటికి యాప్‌లో వచ్చే 'నేటి సారాంశం'తో. మొదట్లో ముచ్చటగా ఉండేది: ఇవాళ ఆనపకాయ పులుసు, పక్కింటికి మనవడు వచ్చాడు. ఒక రాత్రి ఇలా వచ్చింది: "అమ్మగారు బాత్‌రూమ్‌లో జారారు. మీకు చెప్పవద్దన్నారు."

వెంటనే ఫోన్ చేశాను. "నీకెవులు చెప్పారు?" అంది. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు, అది అదృష్టం. కానీ ఆ తర్వాత సారాంశంలో టైమెంత, వానొస్తుందా తప్ప ఇంకేమీ లేదు. వెళ్లి చూస్తే దానిమీద పాత తువ్వాలు కప్పి ఉంది.

1966లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే మాటల ప్రోగ్రామ్ చేశాడు. జనం దానితో చెప్పుకునేవన్నీ రికార్డు చేద్దామంటే, అది మనసులోకి తొంగిచూడటమేనని ఆయన మీద విరుచుకుపడ్డారట. మన దగ్గర 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం కూడా సమాచారం ఎవరిదో వాళ్ల సమ్మతి అడగమంటుంది. ఇక్కడ మాటలు అమ్మవి, సమ్మతి బటన్ నొక్కింది నేను. సెటప్ రోజున ఆమె పక్కనే కూర్చుని కాఫీ తాగుతోంది. ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు, ఆ యాప్ కూడా అడగమనలేదు.

అలాగని జారిన సంగతి నాకు తెలియకపోతే బాగుండేదని కూడా అనలేను.

ఇప్పుడు సారాంశం ఆపేశాను. పడితే, మాత్ర మానేస్తే మాత్రమే కబురు వస్తుంది, అదీ అమ్మకు చెప్పే పెట్టాను. "దాన్నెందుకు అంటావు, చెప్పమన్నది నువ్వే కదా" అంది. సాయంత్రాలు మళ్లీ మాట్లాడుతోందట. తువ్వాలు మాత్రం పక్కనే మడతపెట్టి ఉంచుకుంది.