కొండగోగు పూసిన వారం: విశాఖలో కెమెరాతో నాలుగు రోజులు

మార్చి రెండో వారంలో రాజమండ్రి నుంచి నేనూ మా అక్కా విశాఖ వెళ్లాం, పూల ఫొటోల కోసమే. విశాఖ అనగానే అందరి చూపూ సముద్రం వైపే పోతుంది గానీ, మార్చిలో నాకు ఆ ఊరి కొండలంటేనే ప్రాణం. ఆకంతా రాలిపోయిన కొమ్మల చివర పసుపు ముద్దల్లా కొండగోగు పూసి ఉంటుంది.

మొదటి రోజు కంబాలకొండ. 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అభయారణ్యం, హైవే పక్కనే. లోపలికి కాస్త నడిచేసరికి లారీల చప్పుడు సన్నగిల్లింది. కొండగోగు పువ్వు అరచేతికి సరిపోయేంత ఉంటుంది, ఐదు రేకులు, మధ్యలో నారింజ ఛాయ కేసరాల కుచ్చు. చెట్టు మీది పువ్వు లెన్సుకి అందదు. కానీ అది రేకు చెదరకుండా రాలుతుంది. అందుకని బండ మీద బోర్లా పడుకుని, రాలిన పువ్వుకే గురిపెట్టాను. ఒక చీమ కేసరాల్లోకి దూరి, ఒంటినిండా పుప్పొడి పూసుకుని బయటికొచ్చింది. ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన ఫొటో అదే.

మోదుగ పూల దగ్గర మాత్రం ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వచ్చే వెలుగు, కాస్త తగ్గించుకోండి. లేకపోతే ఆ ఎరుపులో రేకుల గీతలన్నీ కలిసిపోతాయి. నల్లటి మఖమల్ లాంటి తొడిమ మీద చిలకముక్కులా వంగిన ఆ పువ్వుకి పక్కనుంచి పడే పొద్దుటి ఎండే అందం. తొమ్మిది దాటాక ప్రయోజనం లేదు.

ఊళ్లోని పార్కుల్లో నా ఓటు పెదవాల్తేరు బయోడైవర్సిటీ పార్కుకి. రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో చిన్న జాగా, చుట్టూ రకరకాల మొక్కలు. ఒక మూల కూర్చుంటే సీతాకోకచిలుకలే మన దగ్గరికి వస్తాయి. మరో పెద్ద పార్కులో ట్రైపాడ్ చూడగానే గార్డు అడ్డుపడ్డాడు. అనుమతి ఎవరిని అడగాలో చెప్పేవాళ్లూ లేరు. మా సమయం గంట పోయింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

బసకి మొదటి రెండు రాత్రులు బీచ్ రోడ్డులో ఏసీ గది తీసుకున్నాం. కిటికీలోంచి సముద్రం బాగుంది గానీ, చల్లటి గదిలోంచి ఉక్కలోకి రాగానే లెన్సు నిండా ఆవిరి పట్టేసేది. అది ఆరేలోపు మంచి వెలుగు కాస్తా పోయేది. మూడో రోజు ఎం.వి.పి. కాలనీలో ఫ్యాన్ గదికి మారాం. అద్దె సగం, ఆవిరి బాధ లేదు. ఏసీ తప్పదనుకుంటే కెమెరాని బ్యాగులోనే ఉంచి, బయటికొచ్చిన అరగంటకి తీయండి.

అరకు వెళ్లే రోజు పొద్దున్న యాప్‌లో పెట్టుకున్న కారు ఆఖరి నిమిషంలో రద్దయింది. వీధి చివరి ఆటో ఆయన "కంగారు పడకండమ్మా, రైలు అందించే పూచీ నాది" అని స్టేషన్లో దించాడు, పైసా ఎక్కువ అడగలేదు. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైల్లో అద్దాల పెట్టె చూడటానికి గొప్పగా ఉంటుంది, ఫొటోలకి పనికిరాదు. అద్దంలో మన నీడే పడుతుంది. కిటికీ తెరుచుకునే మామూలు పెట్టె ఎక్కండి.

అరకులో పద్మాపురం గార్డెన్స్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలైన తోట. గులాబీలు బాగున్నాయి, కానీ జనం ఎక్కువ. నేనైతే అక్కడ గంట చాలంటాను. మిగతా పూటంతా కాఫీ తోటల్లోనే గడిపాం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద కాఫీ కొమ్మలు. ఆకు మొదలు దగ్గర గుత్తులుగా తెల్లటి పూలు, కొమ్మంతా మంచు పట్టినట్టు. మల్లెవాసన లాంటి ఆ వాసనకి అక్క కెమెరా పక్కన పెట్టి నిలబడిపోయింది. వేసవి తొలి వాన పడ్డాక ఎనిమిది, పది రోజులకి ఈ పూత విచ్చుకుంటుంది. ఉండేది రెండు మూడు రోజులే. ముందే టికెట్లు కొనేసుకోకుండా, వాన పడిన రోజు నుంచి లెక్కపెట్టుకుని బయల్దేరండి.