ఎయిర్‌ఫ్లోలో బరువైన స్క్రిప్ట్ దేనితో నడపాలి: పైథాన్ ఆపరేటరా, బాష్ ఆపరేటరా, డాకరా?

ఎయిర్‌ఫ్లో అంటే స్క్రిప్టుల్ని టైము ప్రకారం, వరస ప్రకారం నడిపించే టూల్. అందులో ఒక్కో పని ఒక టాస్క్, దాన్ని దేనితో నడపాలో చెప్పేది ఆపరేటర్. చిన్న టీముల్లో దీని సెటప్ దాదాపు ఒకేలా ఉంటుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న ఒకే ఒక్క సర్వర్, షెడ్యూలర్, వెబ్‌సర్వర్, మెటాడేటా దాచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అన్నీ దాని మీదే, టాస్కుల్ని అదే సర్వర్ మీద నడిపే లోకల్ ఎగ్జిక్యూటర్, వీటికి తోడు ప్యాండాస్ అనే పైథాన్ డేటా లైబ్రరీతో రాసిన పది పదిహేను స్క్రిప్టులు. పగలంతా బాగానే నడుస్తుంది. అర్ధరాత్రి దాటాక అన్నీ ఒకేసారి మొదలవగానే ఏదో ఒక టాస్క్ ఎర్రబడుతుంది, లాగ్ తెరిస్తే ఎక్కడ పడిపోయిందో చెప్పే ట్రేస్‌బ్యాక్ ఉండదు, చివర్లో సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే సిగ్నల్) అని ఒక్క ముక్క ఉంటుంది. కోడ్‌లో ఎంత వెతికినా ఏమీ దొరకదు, ఎందుకంటే అది పైథాన్ ఇచ్చిన ఎర్రర్ కాదు. ర్యామ్ అయిపోతే లైనక్స్ కెర్నెల్ ఒక ప్రాసెస్‌ని చంపేసింది, అంతే. కెర్నెల్ లాగ్ తీస్తే 'అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్' అని ప్రాసెస్ నంబరుతో సహా కనిపిస్తుంది.

అసలు చిక్కు ఏంటంటే, చచ్చేది తప్పు చేసిన స్క్రిప్టే అన్న గ్యారంటీ లేదు. ఆ క్షణాన ఎవరి దగ్గర ఎక్కువ మెమరీ ఉందన్నదే ప్రధానంగా కెర్నెల్ చూస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఒక్కోసారి పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ మీద పడుతుంది, అది పోయిందంటే పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీకి దిగుతుంది, అప్పుడు ఏ పాపం తెలియని టాస్కులు కూడా వరసగా ఫెయిలవుతాయి. కాబట్టి ఏ ఆపరేటర్ మేలు అన్నది తేల్చాలంటే నేను అడిగేది ఒకటే: స్క్రిప్ట్ హద్దు మీరితే దాని ఒక్కదాన్నే ఆపగలమా లేదా?

పైథాన్ ఆపరేటర్ సంగతి చూద్దాం. రాయడం సులువు, వేరియబుల్స్, కనెక్షన్లు అన్నీ చేతికి అందుతాయి, అందుకే అందరూ దీనితోనే మొదలుపెడతారు. టాస్క్ అయిపోగానే దాని ప్రాసెస్ కూడా ముగుస్తుంది కాబట్టి మెమరీ వెనక్కి వచ్చేస్తుంది, ఆ భయం అక్కర్లేదు. టాస్క్ నడుస్తుండగానే ఇబ్బందంతా. డేటాఫ్రేమ్‌ని (ప్యాండాస్ టేబుల్) డెల్ చేసి గార్బేజ్ కలెక్టర్‌ని పిలిచినంత మాత్రాన ఆ మెమరీ వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేరుతుందని లేదు, పైగా ఈ ఆపరేటర్‌లో 'ఈ టాస్క్‌కి 2 జీబీ దాటకూడదు' అని కట్టడి చేసే పారామీటరే లేదు. ఇంకో గొడవ చాలామందికి తెలియదు. షెడ్యూలర్‌నో, టాస్కులు నడిపే వర్కర్‌నో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపించే ప్రోగ్రామ్) సర్వీస్‌గా పెట్టుకున్నారనుకోండి, లోపలున్న ఒక్క పిల్ల ప్రాసెస్‌ని కెర్నెల్ చంపినా సిస్టమ్‌డీ మామూలుగా ఆ సర్వీస్ మొత్తాన్నీ ఆపేస్తుంది. దాన్ని నడిపించే ఓఓఎమ్ (అవుట్ ఆఫ్ మెమరీ) పాలసీ అన్న సెట్టింగ్ మామూలు విలువ 'స్టాప్' మరి. ఒక లావుపాటి టాస్క్ వల్ల పక్కనున్నవన్నీ పోవడం వెనక ఉన్నది చాలాసార్లు ఇదే.

బాష్ ఆపరేటర్‌తో అదే స్క్రిప్ట్‌ని బయట వేరే కమాండ్‌గా నడపొచ్చు. ఊరికే నడిపితే లాభం లేదు, దాని ముందు సిస్టమ్‌డీ-రన్‌ని స్కోప్ మోడ్‌లో పెట్టి మెమరీమ్యాక్స్ 2 జీబీ అని ఇవ్వాలి. అప్పుడు స్క్రిప్ట్ తనకంటూ వేరే సీగ్రూప్‌లో (కెర్నెల్ విడిగా హద్దు పెట్టే ప్రాసెస్‌ల గుంపు) ఉంటుంది, హద్దు దాటితే అదొక్కటే చస్తుంది, షెడ్యూలర్‌కి సెగ తగలదు. మెమరీస్వాప్‌మ్యాక్స్ సున్నా చేయడం మర్చిపోవద్దు, లేకపోతే స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) పొర్లి సర్వర్ మొత్తం నత్తనడక నడుస్తుంది, అది చావడం కన్నా ఘోరం. రూట్ కాని యూజర్‌తో నడిపేటప్పుడు ఆ యూజర్‌కి లింగర్ (లాగిన్ కాకపోయినా ఆ యూజర్ సర్వీసులు నడవనిచ్చే సెట్టింగ్) ఆన్ చేయకపోతే మొరాయిస్తుంది, అదొక్క చికాకు. షెల్‌లో హద్దులు పెట్టే యూలిమిట్ కమాండ్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అంటారు కొందరు. అది వర్చువల్ మెమరీని లెక్కపెడుతుంది, వాడిన ర్యామ్‌ని కాదు, అదీ ఒక్కో ప్రాసెస్‌కి విడివిడిగా. మల్టీప్రాసెసింగ్ వాడే స్క్రిప్ట్‌కి అది దండగ. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, యూలిమిట్ పెడితే పైథాన్‌కి మెమరీఎర్రర్ వస్తుంది, దాంతో ఏ లైనులో పడిపోయిందో లాగ్‌లోనే దొరుకుతుంది. సీగ్రూప్ అయితే ఆ మర్యాద కూడా లేకుండా చంపేస్తుంది.

డాకర్ ఆపరేటర్ స్క్రిప్ట్‌ని కంటైనర్ అనే విడి పెట్టెలో నడుపుతుంది. దీనిలో మెమ్‌లిమిట్ అని పారామీటరే ఉంది, '2జీ' అని రాస్తే సరిపోతుంది. కంటైనర్ చచ్చాక ఇన్‌స్పెక్ట్ చేస్తే ఓఓఎమ్‌కిల్డ్ ట్రూ అని తేటతెల్లంగా చెబుతుంది. లైబ్రరీ వెర్షన్ల తగాదాలు కూడా పోతాయి. ఇక్కడా స్వాప్ పేచీ ఉంది: స్వాప్ సంగతి విడిగా చెప్పకపోతే, సర్వర్‌లో స్వాప్ ఉంటే, మెమరీ లిమిట్‌కి ఇంకో అంత స్వాప్ కూడా కంటైనర్ వాడేసుకుంటుంది. ఎయిర్‌ఫ్లోనే కంటైనర్‌లో ఉంటే దానికి డాకర్ సాకెట్ (డాకర్‌కి కమాండ్లు పంపే దారి) ఇవ్వాల్సి వస్తుంది, అంటే సర్వర్ మీద రూట్ అధికారం చేతికిచ్చినట్టే. ఆ మాట విన్న సెక్యూరిటీ వాళ్ల ముఖం ఎలా మారుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒక్క సర్వర్ కోసం, బోలెడు సర్వర్ల మీద కంటైనర్లు నడిపించే కుబర్నెటీస్ మాత్రం వద్దు, దాని టెన్షన్ దానికే చాలు.

ర్యామ్ పెంచేస్తే పోలేదా? ప్యాండాస్ సృష్టికర్త వెస్ మెకిన్నీయే 2017లో, డేటా సైజుకి 5 నుంచి 10 రెట్లు ర్యామ్ ఉండాలని తన లెక్క అన్నాడు. 3 జీబీ ఫైలుకి 30 జీబీ దాకా అన్నమాట. పెంచితే ఆర్నెల్లు గడుస్తాయి, ఫైలు పెరిగాక మళ్లీ మొదటికే. దాని బదులు డక్‌డీబీ అనే డేటాబేస్‌కి మారితే ర్యామ్ చాలనప్పుడు చాలా పనుల్లో డిస్క్ వాడుకుంటుంది, కాకపోతే అది మామూలుగా మొత్తం ర్యామ్‌లో 80 శాతం దాకా తనదే అనుకుంటుంది. నాలుగు స్క్రిప్టులు ఒకేసారి అలా అనుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి, అందుకే మెమరీ లిమిట్ చేత్తో ఇవ్వాలి.

నన్నడిగితే, డేటాబేస్‌కి ఎస్‌క్యూఎల్ పంపి ఊరుకునే పనులకి పైథాన్ ఆపరేటర్ బేషుగ్గా ఉంటుంది. సర్వర్ మీదే డేటా మోసే స్క్రిప్టులకి బాష్, సిస్టమ్‌డీ-రన్ జోడీ. మీ దగ్గర డాకర్ ఇమేజ్‌లు ముందే తయారవుతుంటే మాత్రం డాకర్‌కే వెళ్లండి, రెండో ఆలోచన వద్దు.

ఏది ఎంచుకున్నా హద్దు ఒక్కటే చాలదు, ఒకేసారి ఎన్ని నడుస్తాయన్నది కూడా పట్టాలి. దీనికి ఎయిర్‌ఫ్లో పూల్స్ ఉన్నాయి. 16 జీబీలో 4 జీబీ ఎయిర్‌ఫ్లోకి, పోస్ట్‌గ్రెస్‌కి వదిలి 12 స్లాట్ల పూల్ చేయండి, ఒక స్లాట్ అంటే 1 జీబీ అనుకోండి, 3 జీబీ తినే టాస్క్‌కి పూల్ స్లాట్స్ 3 అని రాయండి. నాలుగు నడుస్తుంటే ఐదోది క్యూలో ఆగుతుంది. ఏ స్క్రిప్ట్ ఎంత తింటుందో తెలియాలంటే గ్నూ టైమ్ కమాండ్‌ని మైనస్ వీతో నడిపితే 'మాగ్జిమమ్ రెసిడెంట్ సెట్ సైజ్' అన్న లైను కిలోబైట్లలో చెబుతుంది. చిన్న శాంపిల్ ఫైలుతో కొలిస్తే లాభం లేదు, నెలాఖరు రోజు ఫైలుతో కొలవండి.