షాబాద్ బండ మీద దొర్లిస్తే తెలిసిపోతుంది: లేజర్ పడవతో తొమ్మిదేళ్లు

పై మాస్ట్, అంటే పడవ తెరచాప తొడిగే పైపులో పై ముక్క, వంగిందో లేదో చూడటానికి మా సెయిలింగ్ క్లబ్బులో పెద్ద పరికరాలేమీ లేవు. వరండాలో షాబాద్ బండల మీద పెట్టి కాలితో దొర్లిస్తాం. నిటారుగా ఉంటే గలగలమంటూ గోడ దాకా పోతుంది. వంగితే సగం చుట్టు తిరిగి, ఆగి, బద్ధకంగా వెనక్కి వస్తుంది. మధ్యలో బండకూ పైపుకూ నడుమ సన్నగా వెలుతురు కనబడుతుంది. నా పైపు మూడోసారి అలా వెనక్కి వచ్చిన రోజు ఆ వెలుతురు వంక చూస్తూ బండ మీదే చతికిలబడ్డాను.

హుస్సేన్‌సాగర్‌లో తొమ్మిదేళ్లుగా లేజర్ నడుపుతున్నాను. కొన్నది సెకండ్ హ్యాండ్. ఇంట్లో "ఆ డబ్బుతో బండి వచ్చేది కదా" అన్నారు. నిజమే, వచ్చేది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ గీసిన పడవ ఇది, 1971 నుంచి అమ్ముతున్నారు. పొడవు సుమారు 4.2 మీటర్లు, ఖాళీ హల్ (పడవ ఒళ్లు) బరువు 59 కిలోలు. ఒక మనిషి, ఒక తెరచాప. 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. మనవాళ్లు విష్ణు శరవణన్, నేత్ర కుమనన్ టోక్యోలో, పారిస్‌లో పోటీపడింది ఈ పడవలతోనే. ట్రేడ్‌మార్క్ తగాదా వచ్చి 2019లో దీని పేరు ఐఎల్‌సీఏగా మారింది. మేం మాత్రం ఇంకా లేజర్ అనే అంటాం.

దీన్ని వన్-డిజైన్ అంటారు. అందరి పడవా ఒకటే, గెలిచేది మనిషే అన్నది లెక్క. అందుకే నిబంధనలు గట్టివి. ఫలానా మార్పు చేసుకోవచ్చని పుస్తకంలో రాసి ఉంటే చేసుకోవాలి, రాసి లేకపోతే చేయకూడదు. లైసెన్స్ ఉన్న తయారీదారు దగ్గర కొన్న భాగాలే వాడాలి. అంటే పడవలో లోపం ఉందని ఊరంతా ఒప్పుకున్నా, నీ అంతట నువ్వు సరిచేసుకోవడానికి వీల్లేదు. మా క్లబ్బులో తొమ్మిదేళ్లుగా తెగని వాదన ఇదే. అటు పక్క ఆర్మీలో రిటైరైన సుబేదార్ సార్, ఇటు పక్క నేను. చాయ్ పోసే అన్న మధ్యవర్తి.

ముందు, నేను ఓడిపోయిన వాదన చెబుతాను. గాలి వెనక నుంచి వస్తుండగా పడవ తిప్పితే బూమ్, అంటే తెరచాప అడుగున ఉండే అడ్డ పైపు, ఒక్క ఊపున నెత్తి మీదుగా అవతలికి పోతుంది. దాన్నే జైబ్ అంటాం. ఆ క్షణంలో తెరచాపను పట్టి ఉంచే మెయిన్‌షీట్ తాడు వదులై, లూప్‌లా జారి పడవ వెనక మూలకు తగులుకుంటుంది. తగులుకుందంటే బూమ్ ఆగిపోతుంది, పడవ పక్కకు ఒరుగుతుంది, నువ్వు నీళ్లలో ఉంటావు. పోయిన ఆషాఢంలో సంజీవయ్య పార్కు జెండా అట్టముక్కలా బిగుసుకుని నిలబడిన ఒక సాయంత్రం, బుద్ధుడి విగ్రహం దాటగానే నాకు సరిగ్గా ఇదే జరిగింది. నోట్లోకి వెళ్లిన ఆకుపచ్చ నీళ్ల రుచి గురించి ఇక్కడ రాయను, మీరు అన్నం తింటూ చదువుతుండొచ్చు.

యాభై ఏళ్లు దాటినా ఈ మూలను గుండ్రంగా చేయలేదేమని ఒడ్డుకు వచ్చి రుసరుసలాడాను. సుబేదార్ సార్ నవ్వి, "మూల గుండ్రం చేసుడు కాదు తమ్మీ, నీ చెయ్యి తిప్పుడు నేర్చుకో" అన్నారు. బూమ్ దాటే ముందు తాడును మణికట్టుతో చటుక్కున ఒక్కసారి ఎగరేయాలి. అంతే. ఒక సీజన్ పట్టింది. ఇప్పుడు పదిసార్లలో తొమ్మిదిసార్లు తగులుకోదు. ఆ మూల అలాగే ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు.

చుక్కాని సంగతీ అంతే. కిందికి లాగి కట్టే తాడు జారితే బ్లేడు కాస్త వెనక్కి లేచి టిల్లర్ (చుక్కాని పిడి) బరువెక్కుతుంది, ముడి బాగా బిగిస్తే సరిపోతుంది. కాక్‌పిట్ నీళ్లు పోయే బెయిలర్‌లో గుర్రపుడెక్క వేర్లు, ఒక్కోసారి గుట్కా కవర్లు ఇరుక్కుంటాయి. వినాయక నిమజ్జనం అయ్యాక రెండు వారాలు ఇంకా ఎక్కువ. దానికి కిర్బీ ఏం చేస్తాడు పాపం.

మాస్ట్ కథ వేరు. లేజర్ మాస్ట్ రెండు ముక్కలు. పై ముక్క కింది ముక్కలోకి దిగే చోట ఉంగరం లాంటి కాలర్ ఉంటుంది, దాన్ని రివెట్‌తో బిగిస్తారు. రివెట్ కోసం పైపుకు రంధ్రం పెట్టింది సరిగ్గా వంపు ఒత్తిడి ఎక్కువగా పడే చోటే. గాలి పెరిగినప్పుడు తెరచాపను చదును చేయడానికి, బూమ్‌ను కిందికి లాగే వ్యాంగ్ తాడు బిగించి మాస్ట్‌ను వంచాల్సిందే, ఆ పడవను నడిపే పద్ధతే అది. కానీ అల్యూమినియం పైపు ఒక హద్దు దాటి వంగితే మళ్లీ నిటారు కాదు. శాశ్వతంగా వంగిన మాస్ట్ వాడకూడదని మళ్లీ అదే నిబంధనల పుస్తకం అంటుంది! వంచకపోతే వెనకబడతావు, వంగిపోతే అనర్హుడివి.

నా మొదటి రెండు పైపులూ కాలర్ దగ్గరే వంగాయి. మూడోదానికి తప్పు నాది కూడా ఉంది. పడవ పూర్తిగా తలకిందులై మాస్ట్ కొన సాగర్ అడుగు బురదలో దిగబడింది, నేను కంగారులో పడవ అడుగు నుంచి దిగే డాగర్‌బోర్డ్ పలక మీద నిలబడి బలమంతా పెట్టి లాగాను. అలా చేయకూడదు. పడవ మూతి గాలివైపు తిరిగేదాకా ఓపిక పట్టాలి.

రాణిగంజ్‌లో ఒక పైపుల కొట్టుకు పాత ముక్క పట్టుకెళ్లాను. కొట్టాయన వెర్నియర్‌తో కొలిచి, "ఇదే సైజు దొరుకుతది సార్, సాయంత్రం రండి" అన్నాడు. ధర విని గుండె తేలికపడింది. కానీ ఆ పైపుతో రేసులో దిగలేను, ప్రాక్టీసుకే. రేసు కోసం ఒరిజినల్ తెప్పించాలి. షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే పైపు కంటే దాని ప్రయాణానికే ఎక్కువైంది. పైగా ఒకసారి వచ్చిన పార్సిల్‌లో తప్పు ముక్క ఉంది. మార్చి పంపడానికి ఆ అమ్మినవాళ్లు పెట్టిన టెన్షన్‌కు ఆ ఏడాది వర్షాకాలం సీజనే పోయింది.

పడవలో మాస్ట్ దిగే గొట్టం ఇంకో తలనొప్పి. మాస్ట్ అడుగుకు ఇసుక అంటుకుని లోపలికి వెళ్తే, మాస్ట్ తిరిగిన ప్రతిసారీ గొట్టం అడుగును తిరగలిలా నూరుతుంది. చివరికి చిల్లు పడి నీళ్లు హల్‌లోకి దిగుతాయి. పాత పడవ కొనేవాళ్లకు నా సలహా: ఆ గొట్టం నిండా నీళ్లు పోసి, చాయ్ తాగి రండి. నీటి మట్టం తగ్గి ఉంటే బేరం ఆపేయండి. నేను ఇది కొన్నాక తెలుసుకున్నాను. మా బోట్‌హౌస్ అన్న ఫైబర్‌తో అతుకు వేశాడు, ఆరేళ్లుగా నిలిచింది.

పాత తెరచాపల బట్ట తొందరగా సాగి సంచిలా తయారయ్యేది. 2016లో పెద్ద తెరచాపకు కొత్త కటింగ్, మందమైన బట్ట తెచ్చారు. ఇప్పుడు చాలా నయం. 2017లో పై మాస్ట్‌కు కాంపోజిట్ (ఫైబర్, రెసిన్‌తో చేసినది) కూడా అనుమతించారు. నాలుగేళ్ల కిందట మనసు చంపుకుని కొన్నాను. షాబాద్ బండ మీద ఈ రోజుకీ గోడ దాకా దొర్లుతుంది.

మరి వాదన ముగిసినట్టే కదా అంటే, అసలు మొదలైంది అక్కడే. కొత్త ముక్క వచ్చినా పాతది నిషేధించలేదు. మా క్లబ్బులో పిల్లల పడవల్లో చాలావాటికి ఇంకా అల్యూమినియమే. గాలి హోరెత్తిన రోజు నేను భయం లేకుండా వ్యాంగ్ బిగిస్తాను, పక్కన బోరబండ నుంచి వచ్చే కుర్రాడు పైపు పోతుందేమోనని సగమే బిగిస్తాడు. వాడు నాకన్నా బాగా నడుపుతాడు. ఆ రోజు మాత్రం నేను ముందు ఉంటాను. నాకది గెలుపులా అనిపించదు.

సుబేదార్ సార్ వాదన: "అందుకే చెప్పిన, ముట్టుకోవద్దని. అందరిదీ వంగినన్ని రోజులు అందరూ ఒకటే." నేను ఒప్పుకోను. అందరిదీ వంగేది, కానీ మర్నాడే కొత్తది కొనగలిగేది కొందరే. చేతి నేర్పుతో దాటగల లోపాన్ని ముట్టుకోవద్దు, డబ్బుతో తప్ప దాటలేని లోపాన్ని క్లాసువాళ్లే, అంటే ఈ పడవల సంఘంవాళ్లే, సరిచేసి, ఆ ముక్క అందరికీ అందే ధరకు ఇవ్వాలి. లైసెన్స్ తయారీదారులు ఇప్పుడు ఒకరికి మించి ఉన్నారు, ధరలు మాత్రం హైదరాబాద్ దాకా దిగి రాలేదు.

ఇన్ని తిట్టినా అమ్మేస్తావా అని అడిగితే, అమ్మను. 68 కిలోల మనిషిని, గాలి జోరుగా ఉన్న రోజు కింది మాస్ట్, తెరచాప మార్చి అదే హల్‌ను రేడియల్‌గా, అంటే చిన్న తెరచాప రకంగా, నడుపుకుంటాను. 7 చదరపు మీటర్ల తెరచాప నుంచి 5.76కు దిగిపోవచ్చు. రిగ్గింగ్‌కు, అంటే మాస్ట్, తెరచాప బిగించుకోవడానికి, పావుగంట. ఆఫీసు నుంచి ఐదున్నరకు బయటపడితే చీకటి పడేలోపు నాలుగు రౌండ్లు వేయొచ్చు. ఈ ఊళ్లో ఇంకే ఆటకు అంత సులువు లేదు.

మొన్న ఆదివారం రేసులో సుబేదార్ సార్ నన్ను రెండు పడవల దూరంతో ఓడించారు, అదీ పాత అల్యూమినియంతో. ఒడ్డుకు వచ్చాక ఆయన పై పైపు బండ మీద దొర్లించాను. సగం చుట్టు తిరిగి వెనక్కి వచ్చింది. ఆయన ఏమీ అనకుండా దాన్ని వేపచెట్టు పంగలో పెట్టి, భుజంతో నెట్టి, ఒక కన్ను మూసి చూసుకున్నారు. రివెట్లు తీసేసి, వంగిన కొస పైకి పోయేలా కాలర్‌ను రెండో కొసకు మార్చి బిగించారు.

"ఇంకో సీజన్ వస్తది," అని చాయ్ అడిగారు.