బీటిల్ గుడ్లు: తల్లి డబ్బాలోనే ఉంచాలా, ఏరి విడిగా పెట్టాలా?

ఇంట్లో పెంచుకునే కొమ్ము పురుగు (రైనోసిరస్ బీటిల్) ఆడది డబ్బాలోని మాగిన చెక్కపొడిలోకి దిగి గుడ్లు పెడుతుంది. అక్కడి నుంచి రెండు దారులు.

మొదటిది, గుడ్లను కదపకుండా వదిలేయడం. గుడ్డు మీద చెయ్యి పడదు, తేమ మారదు. కొత్తవాళ్లకు ఇదే మేలు. కాకపోతే తల్లిని అక్కడే ఉంచితే మళ్లీ తవ్వుతూ తన గుడ్లనే చితకొట్టేస్తుంది. అందుకే రెండు వారాలకల్లా దాన్ని వేరే డబ్బాలోకి మార్చాలి. ఎన్ని గుడ్లున్నాయో మాత్రం పిల్లలు పెరిగేదాకా తెలియదు.

రెండోది, ఏరి విడిగా పొదిగించడం. ఇందులో అసలు పని తేమ దగ్గరే ఉంది. గుడ్డు పెట్టినప్పుడు తెల్లగా, కోలగా ఉంటుంది. చుట్టూ ఉన్న తేమను పీల్చుకుని ఉబ్బి గుండ్రంగా తయారవుతుంది. చెక్కపొడి ఆరిపోతే గుడ్డు ముడుచుకుపోతుంది, నీళ్లు నిలిస్తే బూజు పడుతుంది. పిడికిట్లో నొక్కితే పొడి ముద్ద కట్టాలి, చుక్క కారకూడదు. వేళ్లతో పట్టుకోకుండా చుట్టూ ఉన్న పొడితో సహా చెంచాతో తీయండి. చిన్న గాలి రంధ్రాలున్న కప్పులో గుంట చేసి పెట్టి, పైన పలచగా కప్పండి. 25 డిగ్రీల దగ్గర సుమారు రెండు వారాల్లో పిల్ల బయటికొస్తుంది. రంగు మారి మెత్తబడ్డ గుడ్డును వెంటనే తీసేయాలి.

నేనైతే ఏరడానికే ఓటేస్తాను, కానీ కొత్తగా పెట్టిన గుడ్లను ముట్టుకోను. చర్మం చాలా పలచన. కొన్ని రోజులు ఆగి, అవి ఉబ్బాక తీస్తే టెన్షన్ తక్కువ.